వైద్యానికి వెళ్ళిన కరివేపాకు

ఆ రోజుల్లో మా దీవుల్లో "రెండు రోజుల్లో" అనే మాటకి కచ్చితమైన అర్థమంటూ ఏమీ ఉండేది కాదు. రెండు రోజుల్లో ఓడ వస్తుందనేవారు, రెండు రోజుల్లో గ్యాస్ బండ వస్తుందనేవారు, రెండు రోజుల్లో నెట్ బాగవుతుందనేవారు. సముద్రం కింద కేబుల్ ఇంకా పడని కాలం అది. ఒక ఫోటో పంపాలంటే ఫోన్‌ని కిటికీలో నిలబెట్టి, స్నానం చేసి, టిఫిన్ తిని, బస్టాండు దాకా వెళ్ళొచ్చి చూస్తే సగం వెళ్ళి ఉండేది. (మిగతా సగం వెళ్ళేలోపు వాన వచ్చేది.) అలాంటి చోట పుట్టి పెరిగిన నేను, ఒక వీధి వీధంతటికీ నోరారా "రెండు రోజుల్లో తిరిగిచ్చేస్తాను" అని చెప్పానంటే, అది అబద్ధం అనడానికి నాకిప్పటికీ మనసొప్పదు. మా ఊరి లెక్కలో అది నిజమే. కాకపోతే ఆ రెండు రోజుల్లో నా పరువు, మా బాబాయ్ పరువు, మా మామ్మకి నా మీదున్న నమ్మకం మూడూ కలిసి ఒక తేల్ డబ్బాలో, అంటే పాత నూనె డబ్బాలో, ఇరుక్కున్నాయి.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో బీకాం అయిందనిపించుకుని, ప్రోతరాపూర్‌లో మా ఇంటి నుంచి బస్సులో రెండు స్టాపుల అవతల ఉన్న ఒక రాళ్ళ క్వారీలో చేరాను. క్వారీ మా నాన్నకి వరసకి తమ్ముడయ్యే ఆయనది. నాకు బాబాయ్, ఊరందరికీ కంకర బాబాయ్. (ఆయన దగ్గర పనిచేసే బెంగాలీలూ రాంచీవాళ్ళూ "బాబాయ్" అనేది ఆయన పేరే అనుకునేవారు. "బాబాయ్ సాబ్" అని పిలిచేవారు.) నా ఉద్యోగం గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎన్ని టిప్పర్లు బయటికి వెళ్ళాయో పుస్తకంలో గీతలు గీయడం. సాయంత్రానికి తలా కనుబొమ్మలూ తెల్లగా అయిపోయేవి. ఇంటికొస్తే మామ్మ గుమ్మంలోనే ఆపి, "ఓలమ్మా, పొద్దున్న మనవడు ఎల్లినాడు, సాయంత్రానికి మొగుడు వొచ్చినాడు" అని నవ్వేది. మా తాత పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆ మాట ఆవిడకి సరదాగానే ఉండేది. నాకే అంత సరదాగా ఉండేది కాదు. క్రషర్ పక్కన ఆఫీసు గదిలో ఒక ఫ్యాను, ఒక టేబులు ఉండేవి. ఆ ఫ్యాను కింద కూర్చోవడమే అప్పట్లో నా జీవితాశయం.

కంకర బాబాయ్ ఆశయం వేరు. ఆయన జీవితమంతా కొండని పిండి చేసి రోడ్లకి అమ్మిన మనిషి. సగం పోర్ట్ బ్లెయిర్ ఆయన కంకర చిప్స్ మీదే నడుస్తుంది. అయినా మా పిన్ని గుళ్ళో కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా "కొండ తల్లీ, మా ఆయన్ని క్షమించు" అని గట్టిగా, ఆయనకి వినపడేలా మొక్కేది. అది ఆయన్ని లోపల తినేసేది. అలాంటి సమయంలో మెయిన్‌ల్యాండ్‌లో ఒక సంస్థ గనులూ క్వారీలూ కరెంటు ప్లాంట్లూ నడిపేవాళ్ళలో చెట్టునీ నీటినీ మట్టినీ బాగా చూసుకున్నవాళ్ళకి ఏటా పురస్కారం ఇస్తుందని ఆయన చెవిన పడింది. అంతే. "ఒరే, అది మనకొచ్చిందనుకో, మీ పిన్ని నోరు మూతపడిపోద్ది. ఆ ఫ్రేము గోడకి కొట్టి, దాని కిందే కూకుని అన్నం తింటాను. నువ్వు ఆ ఫారం నింపు. వొచ్చిందా, ఫ్యాను కింద కుర్చీ నీది" అన్నాడు.

ఫారం నింపడం నాకేం పెద్ద పని కాదు. నిజానికి మాకు చెప్పుకోవడానికి కొంత సరుకు కూడా ఉంది. ఆ ఏడు జూన్‌లో బాబాయ్ నర్సరీ నుంచి మూడు వందల మొక్కలు తెప్పించి, రాయి తీసేసిన పాత వాలు మీద నిజంగానే నాటించాడు. ఫోటోలు తీయించాడు. ఆ ఫోటోలూ ఫారమూ కిటికీలోంచి మూడు రోజుల పాటు ప్రయాణం చేసి ఎలాగో చేరాయి. తరవాత అందరం ఆ సంగతి మర్చిపోయాం. ఆగస్టులో ఒక మంగళవారం ఉత్తరం వచ్చింది. మన క్వారీ తుది జాబితాలో ఉందిట, నాటిన మొక్కల్ని చూడడానికి పరిశీలకులు శుక్రవారం వస్తున్నారుట. బాబాయ్ నా భుజం మీద చరిచి, జీపెక్కించుకుని వాలు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ మట్టి ఉంది. మట్టిలో అక్కడక్కడ పుల్లలున్నాయి. అంతకుమించి ఏమీ లేదు.

"ఏట్రా ఇది? మూడొందల మొక్కలేవి?"

"జింకలు తినేశాయి బాబాయ్."

(మా దీవుల్లో జింకలు పూర్వం లేవు. ఎవరో తెల్లదొర ముచ్చటపడి తెచ్చి వదిలాడు. వాటిని తినే పులి దొరకి ముచ్చటగా తోచలేదేమో, తేలేదు. దాంతో అవి పెరిగి పెరిగి మా పెరట్లదాకా వచ్చేశాయి.)

"మూడొందలూ జింకలే తినీసినాయా?"

"సగమే. మిగతా సగం నత్తలు."

బాబాయ్ వంగి ఒక పుల్లని పీకి చూశాడు. "జింకంటే సరే, పరిగెత్తుకొచ్చింది, తినీసి పోయింది. నత్త కూడా తినీసి పోయేదాకా నువ్వేటి సేస్తన్నావురా? అదెంత స్పీడుగా వొచ్చిందేటి?" అన్నాడు. నేను గీతలు గీస్తున్నాను కదా.

జీపులో తిరిగొస్తుంటే మా వీధి మలుపు దగ్గర నా బుర్రలో ఆ ఐడియా వెలిగింది. ఇది నాదే అని ఒప్పుకోవాలి. బాబాయ్‌కి ఆపాదించి తప్పించుకుందామని చాలాసార్లు చూశాను, కానీ మా వీధిలో సాక్షులు ఎక్కువ. మా దగ్గర ఏ ఇంటి వరండా చూసినా మొక్కలే. కుండీలు కొనేవాళ్ళు తక్కువ. పాత పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు, ఆవనూనె తేల్ డబ్బాలు, ఒక ఇంట్లోనైతే చిల్లుపడిన ప్రెషర్ కుక్కరు, అన్నిట్లోనూ మట్టి పోసి ఏదో ఒకటి పెంచుతారు. "వీటిని డబ్బాలతో సహా వాలు మీద పాతేస్తే పైకి మొక్కే కనపడుతుంది కదా బాబాయ్. వాళ్ళు శుక్రవారం చూసి వెళ్ళిపోతారు. శనివారం ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాం" అన్నాను. బాబాయ్ జీపు ఆపి నాకు కొబ్బరిబొండాం కొనిపెట్టాడు.

బుధవారమంతా ఖాళీ టిప్పరు వేసుకుని ఇంటింటికీ తిరిగాను. ప్రతి ఇంటి ముందూ "రెండు రోజుల్లో" అన్నాను. వాకిట్లో పరుచుకోవడానికి తట్టెడు క్రషర్ డస్టు ఫ్రీ అన్నాను. అందరూ ఇచ్చారు. తెలుగు ఇళ్ళవాళ్ళు మల్లె, మిరప, వంగ ఇచ్చారు. బెంగాలీ దీదీ మందారాలు ఇచ్చింది. తమిళ అక్క కలబంద ఇచ్చి, ఏ ఆకు ఎంత పొడుగుందో నా చేత కొలిపించి మరీ పంపింది. డబ్బాలు తారుమారు కాకుండా ఎవరి గుర్తు వాళ్ళు సున్నంతో వేసుకున్నారు. కానీ అన్నీ బెత్తెడు మొక్కలే. అంత పెద్ద వాలు మీద అవి కంటికి ఆనడం లేదు. మధ్యలో ఒక్కటైనా నిలువెత్తుది కావాలి. నిలువెత్తుది మా వీధి మొత్తానికి ఒకే ఒకటుంది. అది మా మామ్మ కరివేపాకు.

ఆ మొక్క సంగతి ఇక్కడ చెప్పాలి. మామ్మ శ్రీకాకుళం వైపు తన పుట్టింటికి ఆఖరిసారి వెళ్ళినప్పుడు, వాళ్ళ పెరట్లోంచి రెండాకుల పిలకని తవ్వి, పాలడబ్బాలో పెట్టి, ఓడలో మూడు రాత్రులు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తన తాగే నీళ్ళలోంచి దానికి సగం పోసిందట. అది పెరిగి తేల్ డబ్బాలోకి మారి, నా ఛాతీ దాకా వచ్చింది. వీధిలో ఎవరింట్లో పోపు వేసినా ఆ మొక్క వాటా ఉండేది. అడిగినవాళ్ళకి మూడు రెమ్మలు ఇచ్చేది, నాలుగోది అడిగితే "నీ ఇంట్లో పప్పుందా, పెళ్ళుందా?" అనేది. తను తప్ప ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు. అదృష్టమో దురదృష్టమో, ఆ వారం మామ్మ రంగత్‌లో ఉన్న మా అత్త కూతురి పురిటికి వెళ్ళింది. పది రోజులదాకా రాదు. నాకు కావలసింది రెండు రోజులు. నేను డబ్బాని ఎత్తుతుంటే అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "నేను చూడలేదు, నాకు తెలీదు, మీ మామ్మ అడిగితే నేనసలు ఈ ఇంట్లోనే లేను" అని చెప్పి తలుపు వేసేసుకుంది.

గురువారం సాయంత్రానికి వాలు పచ్చగా అయిపోయింది. డబ్బా అంచులు కనపడకుండా మట్టి కప్పి, నడి మధ్యలో మామ్మ కరివేపాకుని నిలబెట్టాను. బాబాయ్ కిందనుంచి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. (దుమ్ము వల్ల అని తరవాత అన్నాడు.) శుక్రవారం పొద్దున్న నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎయిర్‌పోర్టులో బోర్డు పట్టుకుని నిలబడ్డాను. వాన కొడుతోంది. విమానం వచ్చింది. శబ్దం వినపడింది. మబ్బుల పైన మా నెత్తి మీద రెండు చుట్లు తిరిగి, దిగడానికి కుదరక, మళ్ళీ చెన్నై వెళ్ళిపోయింది. పరిశీలకులతో సహా.

మళ్ళీ ఎప్పుడని ఫోన్ చేస్తే, "రెండు రోజుల్లో చెప్తాం" అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? రెండు రోజులన్నది రెండు వారాలైంది, తరవాత వాళ్ళు వేరే రాష్ట్రం చూసుకుని వస్తామన్నారు, తరవాత వాళ్ళలో ఒకాయనకి జ్వరం. ఎప్పుడు ఊడిపడతారో తెలీదు కాబట్టి బాబాయ్ మొక్కలు పీకనివ్వలేదు. వీధి ఊరుకుంటుందా? పువ్వులు కావలసినవాళ్ళూ మిరపకాయలు కావలసినవాళ్ళూ రోజూ బస్సెక్కి క్వారీకి రావడం మొదలుపెట్టారు. ఎవరి మొక్క దగ్గర వాళ్ళు చతికిలబడి, మట్టి గుల్లచేసి, నీళ్ళు పోసి, పక్క మొక్క కంటే తమది ఎందుకు వాడిందని నన్ను నిలదీసేవారు. ఒకావిడ మనవడికి అక్కడే అన్నం తినిపించేది. అన్నిటికన్నా కష్టం మా మందు మేస్త్రికి వచ్చింది. ఆయన మధ్యాహ్నం ఒంటిగంటకి రాయి పేల్చాలి. ఎర్ర జెండా ఊపి, విజిల్ వేసి, అందరూ దూరంగా వెళ్ళాక గానీ పేల్చకూడదు.

"దీదీ, హట్ జాయియే, ఫటేగా!" అని, తప్పుకోండి పేలుతుందని, పైనుంచి అరిచేవాడు.

"ఏక్ మినిట్ భయ్యా, దో ఫూల్ ఔర్!" అని మందారాల మధ్య నుంచి దీదీ జవాబు. ఆ రెండు పువ్వులూ అయ్యేసరికి ఇంకొకావిడ వంకాయల కోసం వచ్చేది. మూడు రోజుల పాటు మా క్వారీలో ఒక్క రాయి కూడా పేలలేదు. ఆ మూడు రోజులూ మేము నిజంగానే ప్రకృతికి ఏ హానీ చెయ్యలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంతలో మామ్మ వచ్చే రోజు వచ్చింది. రంగత్ నుంచి అంత దూరం మామ్మకి బస్సు పడదు, బోటులోనే వస్తుంది. ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళి నిలబడ్డాను. సముద్రం బాగాలేదు, బోటు కాన్సిల్ అన్నారు. చుట్టూ జనం తిట్టుకుంటుంటే నేనొక్కడినే చేతులెత్తి దణ్ణం పెట్టాను. అలా ఇంకోసారి కూడా కాన్సిల్ అయింది. మూడోసారి పాడు సముద్రం అద్దంలా ఉంది. మామ్మ దిగింది, ఇంటికొచ్చింది, చెప్పులు విప్పకుండానే వరండా మూల చూసింది. అక్కడ తేల్ డబ్బా ఉండే చోట నలుచదరంగా తుప్పు మరక మాత్రమే ఉంది.

"నా మొక్కేదిరా?"

నేను రెండు వారాలుగా ఒక మంచి అబద్ధం తయారుచేసి పెట్టుకున్నాను. తీరా ఆవిడ మొహం చూసేసరికి అది మర్చిపోయి, "దానికి ఒంట్లో బాగాలేదు మామ్మా. మొక్కల డాక్టరు దగ్గర ఉంచాం. రెండు రోజుల్లో వచ్చేస్తుంది" అన్నాను. అమ్మ వంటింటి తలుపు మళ్ళీ వేసుకుంది. మామ్మ తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆవిడ మెల్లిగా అరుగు మీద కూర్చుని, "నాను ఇంట్లో నేకపోతే దిగులెట్టీసుకున్నాది పిచ్చిముండ. నన్ను దాని కాడికి తీసుకెల్లు, ఒక్కసారి సూసీసొస్తాను" అంది.

"పేషెంట్లని చూడనివ్వరు మామ్మా."

"పోనీ అన్నవేటి పెడతన్నారు దానికి?" అంది. కరివేపాకుకి పుల్లటి మజ్జిగ పోస్తే బాగా చిగురేస్తుందని మా వాళ్ళందరికీ తెలుసు. ఆస్పత్రిలో అది దొరకదని మామ్మ బెంగ. మర్నాటి నుంచి రోజూ ఒక సీసాలో పులిసిన మజ్జిగ, ఇంకో సీసాలో బియ్యం కడిగిన నీళ్ళు నా చేతిలో పెట్టేది. "డాక్టరు బాబుకి సెప్పు, మజ్జిగ పొద్దున్నే పొయ్యాల. మొదట్లో కాదు, సుట్టూతా పొయ్యాల" అని జాగ్రత్తలు చెప్పేది. సాయంత్రం నేను రాగానే "పేషెంటెలా ఉన్నాది?" అని అడిగేది. "కొంచెం తేరుకుంది" అనేవాణ్ణి. ఆ సీసాలు పారబోసే ధైర్యం నాకు ఏ రోజూ కలగలేదు. సిగ్గుతో తల దించుకుని, రోజూ వాలెక్కి, చెప్పినట్టే చుట్టూతా పోసేవాణ్ణి. ఇంట్లో పోపులో కరివేపాకు మానేసింది మామ్మ. అది వచ్చేదాకా బయట కొన్న రెమ్మ ఇంట్లోకి రాకూడదట. ఆ చప్పటి చారు తింటుంటే ఫ్యానూ వద్దు, కుర్చీ వద్దు, ఆ డబ్బాని ఎత్తుకొచ్చి వరండాలో పెట్టేస్తే చాలనిపించేది. కానీ బాబాయ్ రోజూ "రేపో ఎల్లుండో వచ్చీస్తారురా" అనేవాడు. మామ్మ చెవిన పడనివ్వొద్దని వీధివాళ్ళని ఇంటింటికీ తిరిగి బతిమాలుకున్నాను. అలా ఏడు వారాలు గడిచాయి.

చివరికి ఒక గురువారం, ఎవరికీ చెప్పకుండా, పరిశీలకుడు ఒకే ఒక్కాయన ఆటోలో వచ్చి గేటు దగ్గర దిగాడు. బక్కపల్చటి మనిషి. చేతిలో గొడుగు, మెళ్ళో కళ్ళజోడు. ఉత్తరాది ఆయన, హిందీలో మెత్తగా మాట్లాడేవాడు. టీ వద్దన్నాడు, శాలువా వద్దన్నాడు, నేరుగా వాలెక్కాడు. వంకాయ మొక్క చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పసుపు కుంకాలు పెట్టి ఉన్న తులసిని చూసి ఇంకేదో రాసుకున్నాడు. ఆ తరవాత గొడుగు మడిచి, ఒక గులాబీని మొదట్లో పట్టుకుని చిన్నగా లాగాడు. అది నీలం పెయింటు డబ్బాతో సహా పైకొచ్చింది. ఆయన దాన్ని పక్కన పెట్టి మిరపని లాగాడు. బకెట్టు వచ్చింది, పిడితో సహా. తరవాత కలబందని లాగితే ప్రెషర్ కుక్కరు వచ్చింది. ఆయన కుక్కరుని అటూ ఇటూ తిప్పి చూసి, "సీటీ కహాఁ హై?" అని మాత్రం అడిగాడు. దాని విజిల్ ఎక్కడుందో నాకేం తెలుసు? బాబాయ్ అప్పటికే ఒక బండరాయి మీద కూర్చుండిపోయాడు.

ఆయన నడి మధ్యకి వచ్చాడు. అక్కడ కరివేపాకు నిగనిగలాడుతూ నిలబడి ఉంది, నా నెత్తి దాకా పెరిగి. ఆయన లాగాడు. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని, ఒక కాలు ముందుకి తన్నిపెట్టి లాగాడు. రాలేదు. సరిగ్గా అప్పుడే కింద బస్సు ఆగింది. మామ్మ దిగింది, చేతిలో మజ్జిగ సీసాతో. (దీదీ ఆ పొద్దున్నే వీధి కుళాయి దగ్గర "మామ్మా, ఆప్ కా కడీపత్తా క్వారీ మే బహుత్ అచ్ఛా హో గయా" అని, కరివేపాకు క్వారీలో బాగా పెరిగిందని మెచ్చుకుందట. మెచ్చుకోలే కదా, దీదీని తప్పు పట్టలేను.) తలెత్తి చూస్తే ఎవరో పరాయివాడు తన మొక్కని పట్టుకుని గుంజుతున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి ఆ వాలుని ఎలా ఎక్కిందో నాకిప్పటికీ తెలీదు.

"ఓరి నీ సేతులు పడిపోనూ! ఒగ్గీ! నా కరేపాకు ఒగ్గీరా!" అని అరుస్తూ వచ్చి, ఆయనకి తెలుగు రాదని మొహం చూసి గ్రహించి, వెంటనే తన హిందీలోకి మారింది. "సాబ్! బీమార్ కో ఐసే ఖీంచ్తే క్యా?"

రోగిష్టిదాన్ని అలా లాగుతారా అని అడుగుతుంటే ఆయన మొక్కని వదిలేసి, "కౌన్ బీమార్, మాతాజీ?" అన్నాడు. ఇక దాచడానికి ఏం మిగిలింది? నేను మామ్మ కాళ్ళ దగ్గర మట్టిలో కూర్చుని, ఒకే నోటితో ఆవిడకి తెలుగులోనూ ఆయనకి హిందీలోనూ మొదటినుంచీ చివరిదాకా చెప్పేశాను. జింకలూ, నత్తలూ, టిప్పరూ, రెండు రోజులూ, మొక్కల డాక్టరూ. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను కూడా. మామ్మ మజ్జిగ సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. "మరి నానిచ్చిన మజ్జిగేటి సేసినావు?" అంది. "రోజూ పోశాను మామ్మా. చుట్టూతా" అన్నాను. "తవ్వీ. ఇంటికి తీసుకెల్లిపోదుం" అంది.

గునపం తెచ్చి నేనూ మందు మేస్త్రీ తవ్వాం. తేల్ డబ్బా పక్కలు కనపడ్డాయి గానీ అడుగు లేదు. ఏడు వారాల వానకి తుప్పు పట్టి ఊడిపోయింది. వేళ్ళు అందులోంచి దిగి, రాళ్ళ సందుల్లోంచి ఎక్కడెక్కడికో పోయాయి. పరిశీలకుడు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో మట్టి తీసి చూసి, ఇప్పుడు కోస్తే బతకదు మాతాజీ అని మెల్లిగా చెప్పాడు. ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న మొక్క, పుట్టింటి నుంచి ఆవిడకి మిగిలింది అదొక్కటే, దాన్ని తెచ్చి నేను కొండకి రాసిచ్చేశాను.

మామ్మ వంగి ఆ వేళ్ళని చేత్తో తడిమింది. ఆ తరవాత నవ్వింది. "మీ తాత కూడా నాతో రెండేళ్ళే అన్నాడురా. రెండేళ్ళుండి ఎల్లిపోదుం అని ఓడెక్కించినాడు" అంది. మట్టి మళ్ళీ తనే చేత్తో కప్పి, సీసా మూత తీసి, మజ్జిగ చుట్టూతా పోసింది. నాలుగు రెమ్మలు తుంపి కొంగులో కట్టుకుంది. ఇంకో రెండు తుంపి పరిశీలకుడి చేతిలో పెట్టి, "దాల్ మే డాల్నా" అంది, పప్పులో వేసుకోమని. ఆయన వాటిని జాగ్రత్తగా తన ఫైలులో పెట్టుకున్నాడు.

మిగతా డబ్బాలన్నీ మర్నాడే టిప్పరులో ఎవరివి వాళ్ళకి చేరిపోయాయి. పురస్కారం మాకు రాలేదని వేరే చెప్పనక్కర్లేదు. నెల తరవాత ఉత్తరం వచ్చింది. నాటినవి మూడు వందలు, బతికినవి ఒకటి అని రాశారు. అలాగే, ఇకమీదట మొక్కల సంరక్షణ విషయంలో యాజమాన్యం స్థానికంగా ఉన్న ఒక వృద్ధ మహిళ సలహా తీసుకోవలసిందిగా సూచించారు. బాబాయ్ ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి గోడకి కొట్టాడు. పైన ముద్ర పెద్దది, అక్షరాలు చిన్నవి, దూరం నుంచి చూస్తే మెచ్చుకోలులాగే ఉండేది. సూచనని మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. మామ్మ చెప్పినట్టు పాత చేపల వలలు తెచ్చి వాలు చుట్టూ కంచె కట్టించాడు. జింకలకి ఆ వల అడ్డు, నత్తలకి నేను అడ్డు. ఎందుకంటే పొద్దున్నే బకెట్టు పట్టుకుని నత్తల్ని ఏరడం నా కొత్త ఉద్యోగం అయింది. ఫ్యాను కింద కుర్చీ ఇంకెవరికో వెళ్ళింది. నాకు పెద్దగా బాధనిపించలేదు.

ఇప్పుడు ఆ క్వారీ మూసేశారు. రాయి తీసిన గోతిలో వాననీళ్ళు నిలిచి, కొంగలు దిగుతుంటాయి. వాలు మీద కరివేపాకు చెట్టయింది, దాని చుట్టూ పిలకలు లేచి ఒక చిన్న తోపయింది. నేనిప్పుడు ఒక కంపెనీలో ఇలాంటి మొక్కల పెంపకాలని తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాను. (నవ్వకండి, ఆ పనికి నాకున్నంత అనుభవం ఎవరికుంది?) ఎక్కడికి వెళ్ళినా టీ వద్దంటాను, నేరుగా వెళ్ళి మొక్కని పట్టుకుని లాగుతాను. నా వెనక ఎవరో ఒక కుర్రవాడి మొహం పాలిపోవడం నాకు చూడకుండానే తెలిసిపోతుంది.

మామ్మ ఇప్పుడు మంచం దిగలేకపోతోంది. అయినా ఆదివారం వస్తే చాలు, నా చేతిలో పులిసిన మజ్జిగ సీసా పడాల్సిందే. ఇంత పెద్ద చెట్టుకి మజ్జిగెందుకు మామ్మా అంటే, "పేషెంటు కదరా" అంటుంది. మెళ్ళో ఆఫీసరు గుర్తింపు కార్డు జేబులోకి తోసేసుకుని, ముప్పై అయిదేళ్ళ మనిషిని, ఆ వాలెక్కుతాను. మొదట్లో కాకుండా చుట్టూతా పోస్తాను. తరవాత అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, ఆ కాండాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒకసారి లాగుతాను. రాదు. నాలుగు రెమ్మలు తుంపుకుని ఇంటికొస్తాను.